పాత మోటారు కారు: ఇంజను, బ్యాటరీల పోషణ

మన గ్రామములలో అక్కడక్కడ, ఏ పూర్వపు సర్పంచిగారి పెంకుటింటి చావడిలోనో, బియ్యపుమిల్లు ప్రక్కనున్న రేకుల షెడ్డులోనో, నేటికిని ఒక అంబాసిడరు కారు గాని, ఒక పాత జీపు గాని కనిపించుచుండును. పశ్చిమ వంగరాష్ట్రమున ఉత్తరపారాయందలి కర్మాగారమున 1957 మొదలు 2014 మే నెల వరకును అంబాసిడరు కార్లు తయారైనవి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు దీనికి మూలము. అధికారులకును, డాక్టర్లకును, రైతులకును, పెండ్లివారికిని దాదాపు అరువది సంవత్సరములు సేవ చేసిన వాహనమిది. తయారీ నిలిచిపోయినను, ఉన్న కార్లు నిలిచిపోలేదు. వానిని ఇష్టపడి ఉంచుకొన్నవారు కొందరు, వేరొకటి కొనలేక ఉంచుకొన్నవారు కొందరు. ఉభయులకును పనికివచ్చు కొన్ని సంగతులను ఇచ్చట వివరింపదలచితిమి. ఇందులో బ్యాటరీని గూర్చి చెప్పినవి పంచాయతీ ట్రాక్టరునకు సైతము వర్తించును గనుక, సభ్యులు తమ ఊరిలో పాత కారు లేదని ఈ పుటను త్రిప్పివేయవలదని కోరుచున్నాము.

కొలది సంవత్సరముల క్రిందట వర్షాకాలమున గోదావరి డెల్టాయందలి ఒక గ్రామమునకు మేము పోయియుంటిమి. ఆ రాత్రి ఒక గృహిణికి పురిటినొప్పులు మొదలైనవి. 108 వాహనము అప్పటికే మరియొక ఊరికి పోయియుండెను. అది తిరిగివచ్చుటకు గంటకు పైగా పట్టునని తెలిసినది. ఊరిలో ఒక పెద్దాయన యింట అంబాసిడరు ఉన్నది. తాళము త్రిప్పగా దీపములు చక్కగా వెలిగినవి, హారను గట్టిగా మ్రోగినది. కాని సెల్ఫు కొట్టినపుడు 'టక్కు'మను చప్పుడు తప్ప ఇంజను కదలలేదు. ఆరు నెలల క్రిందటనే క్రొత్త బ్యాటరీ వేయించినారట. నలుగురు కుర్రవాండ్రు బురదలో కారును నెట్టబోయిరి గాని, చక్రములు దిగబడిపోయినవి. ఇంతలో ఆ యింట పూర్వము డ్రైవరుగా నుండిన వృద్ధుడొకడు గొడుగు వేసికొని వచ్చి, బానెట్టు ఎత్తి, లాంతరు వెలుగున ఒక్కమారు చూచెను.

"బ్యాటరీ బంగారంలా ఉందండి. తలకి పువ్వు పట్టింది, అంతే. కాసిని వేణ్ణీళ్లు తెప్పించండి బాబూ," అనెను.

వేడినీరు పోయగా టెర్మినలుపై పేరుకొన్న తెల్లని పొడి కరగిపోయెను. ఆతడు తీగకొసను ఊడదీసి, చాకుతో లోపలి వైపు గీకి, తిరిగి బిగించెను. ఈ పని అంతయు పది నిమిషములకు మించలేదు. కారు మొదటి మారే అందుకొన్నది. తెల్లవారకముందే ఆస్పత్రిలో ప్రసవమై, మూడవనాడు తల్లియు బిడ్డయు ఇల్లు చేరిరి. మునుపటి బ్యాటరీకి గూడ ఇదే జబ్బు అయియుండవచ్చునని ఆ వృద్ధుడు తరువాత చెప్పెను. బాగుచేయువాడు దానిని పరీక్షింపకయే 'చచ్చినది' అని చెప్పి క్రొత్తది అమ్మెను. ఆరు నెలలకే పాత జబ్బు మరల వచ్చెను.

దీపము వెలుగుచు సెల్ఫు ఎందుకు తిరుగలేదు?

ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొన్నచో బ్యాటరీ పోషణలో సగము తెలిసినట్లే. ముందు దీపములకు పట్టు విద్యుత్తు ఎనిమిది యాంపియర్ల ప్రాంతమున ఉండును. కాని నాలుగు సిలిండర్ల ఇంజనును త్రిప్పుటకు సెల్ఫు మోటారునకు నూటయేబది యాంపియర్లయినను కావలెను. టెర్మినలు వద్ద మురికి చేరి ఓమ్‌లో నూరింట రెండు వంతులంత స్వల్పమైన అడ్డు ఏర్పడినదనుకొందము. ఎనిమిది యాంపియర్లు పోవునపుడు అచ్చట నష్టపడునది ఒక వోల్టులో ఆరవ వంతుకంటె తక్కువ. దీపము ఆ నష్టమును ఎరుగను గూడ ఎరుగదు. అదే దారిని నూటయేబది యాంపియర్లు పోవలసివచ్చినపుడు మూడు వోల్టులు అచ్చటనే హరించిపోవును. పండ్రెండు వోల్టుల బ్యాటరీనుండి సెల్ఫునకు తొమ్మిదియే మిగులును. దానితో అది తిరుగజాలదు. బోదెకాలువ మూతిలో పిడికెడు తుంగ అడ్డుపడినను చెంబెడు నీరు ఇవతలికి వచ్చును. మడి మాత్రము తడియదు. ఇదియు అట్టిదే.

కావున దీపములు బాగుగా వెలుగుచు సెల్ఫు మాత్రము తిరుగనిచో, తొలుత చూడవలసినవి రెండు టెర్మినళ్లు. అటుపిమ్మట చూడవలసినది ఇంజనునుండి బాడీకి కట్టిన జడవంటి రాగిపట్టీ. ఇంజను రబ్బరు దిమ్మెలపై కూర్చుండును. రబ్బరు విద్యుత్తును పోనీయదు. ఆ పట్టీ తెగినను, వదులైనను, విద్యుత్తు చోకు తీగ వంటి సన్నని దారులను వెదకికొనును. సెల్ఫు కొట్టినపుడు చోకు తీగ వెచ్చబడినచో దోషము ఆ పట్టీలోనే ఉన్నదని తెలియవలెను. మేము చూచినంతలో ఎందరో దీనిని విస్మరించి, సెల్ఫు మోటారును విప్పించి డబ్బు పాడుచేసికొనిరి.

టెర్మినళ్లను శుభ్రపరచునపుడు భూమికి, అనగా కారు బాడీకి, కలిపిన తీగను ముందుగా ఊడదీయవలెను; బిగించునపుడు దానిని చివర బిగింపవలెను. ఈ వరుస తప్పినచో చేతిలోని స్పానరు బాడీకి తగిలి నిప్పులు చిమ్మును. బ్రిటిషు నమూనాను అనుసరించిన పాత కార్లు కొన్నింటిలో ధనధ్రువము, అనగా ప్లస్ గుర్తు గల కొస, బాడీకి కలిపియుండును. తరువాతి కార్లలో మైనస్ కొస కలిపియుండును. ఏది ఎట్లున్నదో కంటితో చూచి తెలిసికొనక, అలవాటు కొలది చేయి పెట్టరాదు. ఒక చెంబు వేడినీటిలో రెండు చెంచాల వంటసోడా కలిపి, ఆ నీటితో తెల్లని, పచ్చని పొడిని కడుగవలెను. సెల్లుల మూతలు గట్టిగా బిగించియున్నవో లేదో ముందు చూచుకొనవలెను. సోడా లోపలకు పోయినచో ఆమ్లమును చంపివేయును. తుడిచి, గీకి, బిగించిన తరువాతనే పైన వ్యాసలీను పూయవలెను. కొందరు ముందు పూసి తరువాత బిగింతురు, అది సరికాదు.

బ్యాటరీ లోపలి సంగతి

సాధారణమైన కారు బ్యాటరీలో ఆరు అరలుండును. ఒక్కొక్క అర సుమారు రెండు వోల్టుల కొంచెము పైగా ఇచ్చును. ప్రతి అరలోను సీసపు పలకలు, సీసపు ఆక్సైడు పలకలు ఒకదాని ప్రక్క నొకటి నిలిచి, నీరు కలిపిన గంధకామ్లములో మునిగియుండును. విద్యుత్తును వాడుకొన్న కొలది ఆమ్లములోని గంధకాంశము పలకలకు పట్టి, రెండు విధముల పలకలును సీసపు సల్ఫేటుగా మారుచుండును. ద్రవము పలుచనై నీటి స్వభావమును పొందుచుండును. ఛార్జి చేసినపుడు ఇది తలక్రిందులుగా జరిగి, ఆమ్లము మరల చిక్కబడును. అందువలననే ద్రవపు చిక్కదనమును కొలిచినచో బ్యాటరీ నిండియున్నదో, ఖాళీయైనదో తెలియును. దీనికి హైడ్రోమీటరు అను గాజుగొట్టపు పనిముట్టు కలదు, వెల స్వల్పము. నిండిన బ్యాటరీలో అది 1.25 మొదలు 1.28 వరకు చూపును, 1.20 కి దిగినచో సగము ఖాళీయైనదనియు, 1.12 ప్రాంతమునకు వచ్చినచో పూర్తిగా ఖాళీయైనదనియు ఎరుగవలెను. అయిదు అరలు ఒక తీరుగాను, ఒక్క అర మాత్రము మిక్కిలి తక్కువగాను చూపినచో ఆ అర చెడినది. అప్పుడు మాత్రము బ్యాటరీని మార్చుట న్యాయము. క్రొత్త బ్యాటరీ కొనుమని చెప్పిన వానిని ఆరు అరల లెక్కలును చూపుమని అడుగుటకు ప్రతివారికిని హక్కు కలదు.

ఇటీవల వచ్చు మూతలేని బ్యాటరీలలో ఈ పరీక్ష సాధ్యము కాదు. వానికి వోల్టుమీటరే శరణ్యము. కారు నిలిపి కొన్ని గంటలైన తరువాత చూచినచో నిండినది 12.6 వోల్టులును, సగము నిండినది 12.2 వోల్టులును చూపును. 12 కంటె తగ్గినచో వెంటనే ఛార్జికి పంపవలెను. ఖాళీయైన బ్యాటరీని వారముల తరబడి అట్లే వదలినచో పలకలపై సల్ఫేటు గట్టిపడి, ఎంత ఛార్జి పెట్టినను తిరిగి కరగదు. బ్యాటరీలు పని చేసి చచ్చుటకంటె ఇట్లు మూలనుండి చచ్చుటయే ఎక్కువ.

మూతలు గల బ్యాటరీలో నెలకొకమారును, వేసవిలో పదునైదు దినముల కొకమారును నీటిమట్టము చూడవలెను. పలకలపై అర అంగుళము ద్రవము నిలిచియుండవలెను. తగ్గినచో డిస్టిల్డు వాటరు మాత్రమే పోయవలెను, ఆమ్లము పోయరాదు. ఎండకును, ఛార్జికిని ఆరిపోవునది నీరేగాని ఆమ్లము కాదు. ఆమ్లము చిందిపోయిననే తప్ప అది అరలో అట్లే ఉండును. బావినీరు, బోరునీరు, పంపునీరు పనికిరావు. వానిలోని లవణములును, ఇనుమును పలకలను పాడుచేయును. పంచాయతీవారి ఆర్.ఓ. ప్లాంటునుండి వచ్చు నీరు శుద్ధమైనదే గదా యని కొందరు పోయుచున్నారు. ఆ నీరు త్రాగుటకు మంచిది. కాని దానిలోను కొంత లవణము మిగిలియే ఉండును. బ్యాటరీకి అది తగదు. సీసా డిస్టిల్డు వాటరు కొద్ది రూపాయలకు పెట్రోలు బంకు వద్దనే దొరకును.

ఛార్జి అగుచున్న బ్యాటరీనుండి ఉదజని వాయువు వెడలును. అది నిప్పు తగిలిన ప్రేలును. నీటిమట్టము చూచుటకు అగ్గిపుల్ల గీయుట, నోట చుట్టతో మూతలు తెరచుట ప్రాణాంతకమని మరువరాదు. ఆమ్లము చర్మముపై పడినచో వెంటనే ధారగా నీరు పోయవలెను. కంటిలో పడినచో పదునైదు నిమిషములకు తక్కువ కాకుండ నీటితో కడిగి, ఆలస్యము చేయక వైద్యుని వద్దకు పోవలెను.

పాత కార్లలో ఆల్టర్నేటరునకు బదులు డైనమో ఉండును. ఈ రెంటికిని ఒక ముఖ్యమైన భేదము కలదు. ఇంజను మెల్లగా తిరుగుచున్నపుడు డైనమో దాదాపుగా ఏమియు ఇవ్వదు. ఊరేగింపులో, దీపములన్నియు వెలిగించి, పాటలు పెట్టి, గంటల తరబడి నడకవేగమున కారును నడపినచో బ్యాటరీ తన నిలువ సొమ్మునుండియే ఖర్చుపెట్టుచుండును. పెండ్లికొడుకు దిగిన పిమ్మట కారు కదలకపోవుటకు కారణము ఇదియే. ఇట్లే, కారు కదలక చాలదినములైనదని దానిని నిలిపిన చోటనే అయిదు నిమిషములు ఇంజను త్రిప్పి ఆపివేయువారున్నారు. దానివలన మేలుకంటె కీడే అధికము: సెల్ఫు వాడుకొన్న విద్యుత్తు తిరిగి రాదు, ఇంజను పూర్తిగా వేడెక్కక నూనెలో తేమ చేరును. వారమునకొకమారు పది కిలోమీటర్లయినను నడుపవలెను. అది కుదరనిచో బ్యాటరీ తీగను ఊడదీసియుంచి, నెలకొకమారు ఛార్జి చేయించుట మేలు.

ఫ్యాను బెల్టును బొటనవ్రేలితో నొక్కినపుడు అర అంగుళము లోనికి పోవలెను. అంతకంటె వదులైనచో డైనమో జారును. మిక్కిలి బిగువైనచో దాని బేరింగు అరగును. డైనమో వెనుక బేరింగునకు నూనెచుక్కలు వేయు చిన్న రంధ్రముండును. దానిని చాలమంది మెకానిక్కులు సైతము మరచిపోయిరి.

ఇంజను నూనె

అంబాసిడరు పెట్రోలు కార్లలో బహుకాలము వాడుకలోనున్నది 1489 ఘనపు సెంటీమీటర్ల ఇంజను. ఇది మొండిది, కొంత నిర్లక్ష్యమును సహించును. కాని నూనె విషయమున మాత్రము సహింపదు. కారును చదునైన నేలపై నిలిపి, ఇంజను ఆపిన కొంతసేపటికి నూనెపుల్లను తీసి, తుడిచి, మరల దించి తీసి చూడవలెను. వారమునకొకమారును, దూరప్రయాణమునకు ముందును ఈ పని చేయవలెను. నూనె నల్లబడినంత మాత్రమున చెడినదనుకొనరాదు. మసిని తనలో పట్టియుంచుట దాని పని. అది పాలు కలిసినట్లు తెల్లబడినచో నీరు చేరినదని అర్థము. హెడ్డు గ్యాస్కెటును అనుమానింపవలెను. పుల్లకు పెట్రోలు వాసన వచ్చినచో, పెట్రోలు పంపులోని రబ్బరు పొర చిరిగి పెట్రోలు నూనెలోనికి దిగుచున్నది. అట్టి కారును నడుపుట అపాయము. నూనెమట్టము పెరుగుచున్నదని సంతోషించిన ఒక యజమానిని మేమెరుగుదుము! బేరింగులు పోయిన తరువాత గాని ఆయనకు కారణము తెలియలేదు.

అయిదువేల కిలోమీటర్లకు గాని, ఆరు నెలలకు గాని, ఏది ముందైన దానికి నూనెను మార్చవలెను. ఇంజను వెచ్చగా నున్నపుడు దించినచో మడ్డితో సహా దిగును. ఫిల్టరుతో కలిపి సుమారు నాలుగు లీటర్లు పట్టును. మన వేడిమికి 20డబ్ల్యు-40 లేక 20డబ్ల్యు-50 రకము తగినది. ఇప్పటి కార్లకు వాడు మిక్కిలి పలుచని నూనె ఈ పాత ఇంజనునకు పనికిరాదు; ఖరీదైనది గదా యని పోయించినచో సందుల వెంట కారిపోవును. నడుచుచుండగా నూనె దీపము వెలిగినచో ఊరు దగ్గరనే ఉన్నదని ముందుకు పోక, ఉన్నచోటనే ఇంజను ఆపవలెను.

ట్యాపెట్లు, ప్లగ్గులు, పాయింట్లు

పూర్వము పెట్రోలులో సీసపు సమ్మేళనమును కలుపుచుండిరి. ఆరోగ్యమునకు హానికరమని 2000 ఫిబ్రవరి 1 నాటినుండి దేశమంతట సీసము లేని పెట్రోలునే అమ్ముచున్నారు. ఇది మిక్కిలి మేలైన మార్పు. అయితే ఆ సీసము పాత ఇంజనుల వాల్వు పీటలకు ఒక పూతవలె రక్షణనిచ్చుచుండెను. అది లేనందున, పోతయినుపు హెడ్డులోని పీటలు అధికవేగమున నడచునపుడు క్రమముగా అరగును. వాల్వు లోనికి దిగును. ట్యాపెటు సందు తగ్గిపోవును. సందు పూర్తిగా పోయినచో వాల్వు మూసికొనక కాలిపోవును. కావున చప్పుడు చేయని ట్యాపెట్లే మంచివను నమ్మకము తప్పు. కొంచెము టకటకలాడు ట్యాపెటు కంటె మౌనముగా నున్న ట్యాపెటునకే భయపడవలెను. ఈ ఇంజనులో వేడిమీద సందు అంగుళములో వేయింట 15 వంతులు, అనగా 0.38 మిల్లీమీటర్లు ఉండవలెను. సరిచూచుటకు ఒక సులువైన లెక్క కలదు. ముందునుండి వెనుకకు ఎనిమిది వాల్వులకు వరుసగా సంఖ్యలు వేసికొనవలెను. ఎనిమిదవది పూర్తిగా తెరచుకొన్నపుడు మొదటిదానిని, ఏడవది తెరచుకొన్నపుడు రెండవదానిని, ఆరవది తెరచుకొన్నపుడు మూడవదానిని సరిచేయవలెను. ఎప్పుడును రెండు సంఖ్యలు కలిపిన తొమ్మిది రావలెను. ఈ లెక్క నేర్చిన యువకుడు ఒక ఫీలరు గేజితో గంటలో పని ముగింపగలడు.

స్పార్కు ప్లగ్గుల సందు 0.6 మిల్లీమీటర్లు, డిస్ట్రిబ్యూటరులోని పాయింట్ల సందు 0.4 మిల్లీమీటర్ల ప్రాంతమున ఉండవలెను. ప్లగ్గు మూతి లేత గోధుమరంగున నున్నచో ఇంజను ఆరోగ్యముగా నున్నది. పొడిమసి పట్టినచో పెట్రోలు ఎక్కువగును. నూనెతడి యున్నచో రింగులో, వాల్వు గైడులో అరిగినవి. మిక్కిలి తెల్లబడినచో పెట్రోలు తక్కువై వేడి ఎక్కువగుచున్నది. పాయింట్లు మాటిమాటికి కాలుచున్నచో పాయింట్లను గాక కండెన్సరును మార్చవలెను. డీజిలు ఇంజను గల అంబాసిడర్లకు ఈ బాధలు లేవు. కాని వాని ఇంజను బరువుగా తిరుగును గనుక బ్యాటరీ బలము మరింత అవసరము.

ఇప్పటి పెట్రోలులో నూటికి ఇరువది వంతుల వరకు ఇథనాలు కలియుచున్నది. 2023 ఫిబ్రవరిలో మొదలైన ఈ ఏర్పాటు 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. చెరకునుండియు, ధాన్యమునుండియు తయారగు ఈ ఇంధనము రైతునకు లాభకరమే. కాని పాత కార్లలోని రబ్బరు గొట్టములును, పంపు పొరలును దీనిని దృష్టిలో నుంచుకొని చేసినవి కావు. అవి మెత్తబడియో, పెళుసెక్కియో చిరుగును. వేడి ఇంజనుపై పెట్రోలు కారినచో అగ్నిప్రమాదము. ఇథనాలును తట్టుకొను గొట్టములు దుకాణములలో దొరకుచున్నవి. అన్నింటిని ఒక్కమారు మార్పించుట క్షేమము. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును గనుక, నెలల తరబడి కారును కదపక ట్యాంకులో పెట్రోలు నిలువయుంచరాదు.

రేడియేటరు విషయమున ఒక్కమాట చాలును. మన బోరునీటిలో సున్నపు లవణములెక్కువ. అన్నము వండు గిన్నెకు పట్టినట్లే ఇంజను లోపలను పొలుసు పట్టును, వేడి వెలుపలికి రాదు. డిస్టిల్డు వాటరులో కూలెంటు కలిపి పోయవలెను. వేడిగా నున్నపుడు మూత తీయరాదు.

సెల్ఫు లేనినాడు

పాత కార్లకు ముందు బంపరు నడుమ నుండి హ్యాండిలు దూర్చి త్రిప్పు సౌకర్యము కలదు. బ్యాటరీ నీరసించిన దినమున ఇది ఆదుకొనును. కాని దీనివలన మణికట్టులు విరిగినవారు లేకపోలేదు. గేరు తీసి, చేతిబ్రేకు వేసి, బొటనవ్రేలిని మిగిలిన వ్రేళ్ల వైపుననే ఉంచి పట్టుకొని, క్రిందినుండి పైకి ఒక్క విసురున లాగవలెను. పైనుండి క్రిందికి నొక్కరాదు. ఇంజను ఎదురుకొట్టినచో చేయి విడిపోవుటకే ఈ జాగ్రత్త.

పంచాయతీ చూడవలసినవి

తెలంగాణలో గ్రామపంచాయతీలకు చెత్త తరలింపునకును, చెట్లకు నీరు పోయుటకును ట్రాక్టర్లను సమకూర్చియున్నారు. ఆంధ్రప్రదేశమున సైతము అనేక పంచాయతీలకు వాహనములున్నవి. నిధులు చాలక, డ్రైవరు లేక, ట్రాక్టరు నెల దినములు నిలిచిన పిమ్మట బ్యాటరీ చచ్చుటయు, క్రొత్త బ్యాటరీకి తీర్మానము చేయుటయు కొన్నిచోట్ల పరిపాటియైనది. నిలిచిన దినముననే తీగను ఊడదీయించినచో ఆ తీర్మానము అవసరముండదు. లాగుబుక్కులో డీజిలు లెక్కతోపాటు నీటిమట్టము చూచిన తేదీని, నూనె మార్చిన నాటి గంటల లెక్కను గూడ వ్రాయించుచుండుడు. బ్యాటరీ కొన్ననాడు దానిపై తేదీని రంగుతో వేయించుడు. వారంటీ కాగితము తరచుగా పోవుచుండును. రంగు మాత్రము పోదు.

ఇంజనునుండి దించిన పాత నూనెను చెరువు గట్టున, మురుగుకాలువలో పారబోయరాదు. నీటిపై అది పొరవలె పరచుకొనును. దిగువనున్న బావులకు దిగినచో ఆ నీరు త్రాగుటకు పనికిరాదు. డబ్బాలో పట్టియుంచి, పాత నూనెను శుద్ధిచేయుటకు అనుమతి గలవారికి ఇప్పింపవలెను. పాత బ్యాటరీల సంగతి ఇంతకంటె ప్రమాదకరము. వానిని పగులగొట్టి, ఆమ్లమును నేలపాలు చేసి, సీసమును బొగ్గుల కుంపటిపై కరగించువారు ఊరి వెలుపల అక్కడక్కడ బయలుదేరుచున్నారు. సీసపు ధూళి పిల్లల మెదడు ఎదుగుదలను కుంటుపరచును. ఒకమారు మట్టిలో చేరినచో ఏండ్ల తరబడి పోదు. ఇట్టి కుంపటి మీ గ్రామపరిధిలో నున్నదని తెలిసినచో పంచాయతీ దానిని వెంటనే ఆపించి, కాలుష్య నియంత్రణ మండలికి తెలియజేయవలెను. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమముల ప్రకారము పాత బ్యాటరీని ఇంటిచెత్తతో కలుపరాదు; సేకరణకో, శుద్ధికో అధికారము గలవారికే అందజేయవలెను. క్రొత్తది కొను దుకాణమున పాతదానిని ఇచ్చినచో సీసపు విలువ బిల్లులో తగ్గింతురు. ఆ తగ్గింపును వ్రాతపూర్వకముగా బిల్లుపై వేయించుకొనుడు.

ఇక చట్టము. సొంత కారు రిజిస్ట్రేషనును పదునైదు సంవత్సరముల తరువాత, వాహనము యోగ్యతను చూపించి, అయిదేసి సంవత్సరములకు పునరుద్ధరింపించుకొనవలెను. అయితే ప్రభుత్వ వాహనములకును, పంచాయతీలు మొదలగు స్థానిక సంస్థల వాహనములకును ఈ వెసులుబాటు లేదు. 2023 ఏప్రిల్ 1 నుండి పదునైదు సంవత్సరములు దాటినవానికి రిజిస్ట్రేషను పునరుద్ధరణ లేదు. కావున సమితి కాలపు జీపు షెడ్డులో ఉన్నచో దానిపై మరమ్మతు ఖర్చు వ్రాయుటకు ముందు ఆ తేదీని చూచుకొనవలెను. మొదటి రిజిస్ట్రేషనునుండి ఏబది సంవత్సరములు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్పుచెందక మూలరూపముననే ఉన్న సొంత కార్లకు 2021 జూలైలో వచ్చిన నియమములు 'వింటేజి' వాహనములను ప్రత్యేక తరగతిని కల్పించినవి. అట్టి రిజిస్ట్రేషను పది సంవత్సరములు చెల్లును. కాని ఆ తరగతిలో చేరిన కారును ప్రదర్శనలకును, ర్యాలీలకును, పెట్రోలు పోయించుకొనుటకును, మరమ్మతులకును మాత్రమే రోడ్డుమీదికి తీయవచ్చును. నిత్యప్రయాణమునకును, కిరాయికిని వాడరాదు. మేము పైన చెప్పిన ఊరి పెద్దాయన ఈ సంగతి తెలిసికొని, తన అంబాసిడరును ఆ తరగతిలో చేర్పింపలేదు. "రేత్రిపూట ఎవరికైనా అవసరం పడితే తీయాలి గదండీ," అని, మామూలు రిజిస్ట్రేషనునే మరల అయిదేండ్లకు వ్రాయించుకొనిరి. బానెట్టు లోపల ఒక చిన్న వ్యాసలీను డబ్బాయు, గీకుటకు ఒక చాకును ఇప్పుడు తీగతో కట్టియుంచినారు.